నీ నాటకం సంగతి మీ నాన్న చెప్పాడు

కోడలు పిల్లా,

రాత్రి పదకొండింటికి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ టైమ్‌లో వాడి ఫోనంటే ఎవరికో ఏదో అయిందనుకుని గుండె జారిపోయింది, తీరా ఎత్తితే "అక్కా, నీ మేనకోడలు నీ దారే పట్టింది" అన్నాడు. తిడుతున్నాడో మురిసిపోతున్నాడో వాడికే తెలీదు. అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్ళని పోగేసి నువ్వేదో ప్రయోగం చేస్తున్నావంట, స్టేజీ లేదంట, కింద కార్లు పెట్టే చోటే ఆడతారంట, చూడ్డానికి ఆ ఇళ్ళ ఓనర్లే వస్తారంట, మధ్యలో నాటకం ఆపేసి "మీరైతే ఏం చేస్తారో వచ్చి చేసి చూపించండి" అని వాళ్ళని లోపలికి పిలుస్తావంట. వాడు చెప్తుంటే ఒళ్ళు పులకరించింది నాకు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

ముందే చెప్పేస్తా, వద్దనడానికి రాయట్లేదు. మీ నాన్న అడిగింది మాత్రం అదే, "నువ్వు చెప్తే వింటది" అన్నాడు. ఆ పని నేను చెయ్యను. అలాగని నోరు మూసుకుని కూర్చోనూ లేను. ఒంటి వేలితో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. పర్మిషన్ కాగితం మీద తీసుకో, నోటిమాట నమ్ముకోకు. మంచినీళ్ళు పెట్టించు. బాత్రూమ్ ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో ముందే చూసుకో. సెల్లార్‌లో గొంతు మారుమోగుతుంది కాబట్టి రెండు రిహార్సల్స్ అక్కడే చెయ్యి, డైలాగ్ సగానికి తగ్గించు. కార్లు ఏ టైమ్‌కి వస్తాయో వాచ్‌మన్‌ని అడుగు. అయిపోయాయి, ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

రిహార్సల్ సాయంత్రం ఆరింటికి పెట్టావంట కదా, అది మార్చు. ఆరంటే నీకు ఖాళీ టైమ్, వాళ్ళకి రెండో పూట పని. వచ్చినవాళ్ళు ఒక ఇల్లు ఎగ్గొట్టి వచ్చినట్టే లెక్క, దానికి మర్నాడు మాట పడతారు, ఆ సంగతి నీకు చెప్పరు కూడా. ఏ టైమ్ కుదురుతుందో వాళ్ళనే అడుగు, వాళ్ళు చెప్పిన టైమ్‌కి నువ్వు మారు. చిన్న పిల్లలుంటే ఆ రెండు గంటలు ఎవరు చూస్తారో అది కూడా నీ రిహార్సల్ ప్లాన్‌లో భాగమే. ఇంకోటి, వచ్చిన ప్రతి రోజుకీ డబ్బివ్వు. షో రోజుకే కాదు, ప్రతి రోజుకీ. "వాళ్ళకిదో మంచి అవకాశం అత్తా" అని మాత్రం అనకు, ఒళ్ళు మండుతుంది నాకు. గ్రాంటొస్తే లైట్లవాడికి ఇస్తాం, మైకువాడికి ఇస్తాం, వీడియోవాడికి ముందే అడ్వాన్స్ ఇస్తాం, ఎవరి బతుకు తీసి నాటకం కట్టామో వాళ్ళకి మాత్రం చప్పట్లు కొట్టించి పంపిస్తాం. నేనూ పంపించాను, అందుకే చెప్తున్నా.

వాళ్ళకి యాక్టింగ్ నేర్పాలని కూడా చూడకు. పీనా బౌష్ అనే జర్మన్ డాన్స్ డైరెక్టర్ 1978లో చేసిన కాంటాక్ట్‌హోఫ్ అనే డాన్స్ పీస్‌ని 2000లో 65 ఏళ్ళు దాటిన మామూలు మనుషులతో మళ్ళీ చేయించింది, 2008లో టీనేజ్ పిల్లలతో చేయించింది. వాళ్ళెవరూ డాన్సర్లు కాదు. అదే నడక, అదే చెయ్యి, కానీ ముసలావిడ చెయ్యి చాపితే ఒక అర్థం, పదిహేనేళ్ళ పిల్ల చాపితే ఇంకో అర్థం. మీవాళ్ళు బకెట్ ఎత్తే పద్ధతి ఉంటుంది చూడు, నడుం మీదకి బరువు రాకుండా ముందు మోకాలు వంచి, ఆ తర్వాత భుజం... దాన్ని నువ్వు ఏ వర్క్‌షాప్‌లోనూ నేర్పలేవు. నువ్వే వాళ్ళ దగ్గర నేర్చుకో.

సరే, ఇప్పుడు అసలు విషయానికొస్తా. ప్రయోగం అనే మాట మా రోజుల్లో మాకు మహా మోజుగా ఉండేది. తెర తీసేశాం, కర్టెన్ వెనక్కి దాక్కోవడం మానేశాం, ఆడియన్స్ మధ్యలో కూర్చున్నాం, ఎవడికైనా అర్థం కాకపోతే అది మా గొప్ప అనుకున్నాం (నవ్వకు, మీ గ్రూపులోనూ అలాంటివాడు ఒకడుండే ఉంటాడు, గడ్డంతో). ప్రయోగం అన్నాక ఎవరి మీద అని అడగాలా వద్దా? ఆ ప్రశ్న మాకు తట్టలేదు.

తన ఒంటినే కళగా చూపించే మరీనా అబ్రమోవిచ్ సంగతి నీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. 1974లో నేపుల్స్‌లో 6 గంటలు కదలకుండా నిలబడింది, టేబుల్ మీద 72 వస్తువులు పెట్టింది, గులాబీ, ఈక, కత్తెర, కత్తి, పిస్తోలు, దాంట్లోకి ఒక తూటా. నా మీద ఏది కావాలంటే అది వాడుకోండి అని చెప్పేసి నిలబడిపోయింది. మొదట్లో జనం పువ్వు చేతిలో పెట్టి మర్యాదగా తిరిగారు, పోనుపోను బట్టలు కత్తిరించారు, ఒంటి మీద గాట్లు పెట్టారు, ఒకడు పిస్తోలు ఆవిడకే గురిపెట్టాడు, ఇంకొకళ్ళు లాక్కున్నారు. టైమ్ అయిపోయి ఆవిడ కదిలేసరికి ఆవిడ మొహం చూడలేక అందరూ జారుకున్నారు. ఈ పీస్ గురించి ఎవరు మాట్లాడినా మనుషులు ఎంత క్రూరులో చూశారా అంటారు. నాకైతే ఇప్పుడు వేరేగా అనిపిస్తుంది. ఆవిడ టేబుల్ ముందు నిలబెట్టింది తన ఒంటిని. నువ్వు నిలబెట్టబోయేది నీ ఒంటిని కాదు తల్లీ.

మా సంగతి చెప్తా విను. మీ నాన్నకి కూడా ఇదంతా తెలీదు.

అప్పుడు నాకు 24. గ్రూపులో ఆరుగురం, అందరికీ లోకాన్ని మార్చెయ్యాలని తొందర, ఒక్కరికీ ఉద్యోగం లేదు. కార్మికులుండే ఒక కాలనీలో రెండు నెలలు తిరిగాం, సాయంత్రం పూట గుమ్మాల ముందు కూర్చుని ఆడవాళ్ళు చెప్పేవి వినడం, రాత్రికి నోట్‌బుక్‌లో రాసుకోవడం, పొద్దున దాన్ని ఇంప్రొవైజ్ చెయ్యడం. అక్కడ ఒకావిడ కుట్టుపని చేసేది. నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. నేనంటే ఎందుకో ఇష్టం పెట్టుకుంది. నేను నేల మీద కూర్చుంటే మిషన్ తొక్కుతూ కబుర్లు చెప్పేది, కళ్ళు మాత్రం గుడ్డ మీదే, చంక దగ్గర మలుపు వస్తే మాట ఆగిపోయేది, మలుపు దాటాక ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే మళ్ళీ అందుకునేది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు మిషన్ పక్క సొరుగు మొత్తం బయటకి లాగి బోర్లించి చూపించింది. అడుగున ఒక గుడ్డ పట్టీ చిన్న మేకులతో కొట్టి ఉంది, దాని సందులో మడతలు పెట్టిన నోట్లు. మొగుడికి తెలీదు. కూతురి చదువుకంట. "నీకే చెప్తున్నా" అంది.

ఆ మాట నేను వినలేదే. చెవిలో పడింది గానీ వినలేదు. నాకు ఆ సొరుగు ఒక్కటే కనపడింది. ఎంత గొప్ప ఇమేజ్ అనుకున్నా, దారి పొడుగూతా చేతులు వణికాయి, పరిగెత్తుకుంటూ వెళ్ళి గ్రూపుకి చెప్తే అందరూ ఎగిరి గంతేశారు, పీస్‌కి క్లైమాక్స్ దొరికిందని.

పేరు మార్చాం. ఆవిడ పాత్రకి వేరే పేరు పెట్టాం, చాలా జాగ్రత్తగా ఉన్నామనుకున్నాం. ఆ కాలనీ మొత్తానికి కుట్టు మిషన్లు రెండే రెండు, అది మా బుర్రకి తట్టలేదు.

షో ఆ కాలనీలోనే, ఇళ్ళ మధ్య ఖాళీ స్థలంలో, అందరూ నేల మీద కూర్చున్నారు. ఆవిడ పాత్ర నేనే వేశా. మిషన్ లేదు, ఒట్టి స్టూలు, మిగతాదంతా మైమ్. కాలు తొక్కడం ప్రాక్టీస్ చేసి చేసి పిక్క పట్టేసింది. మలుపు దగ్గర మాట ఆపాను, మలుపు దాటాక మొదలుపెట్టాను, అచ్చం ఆవిడలాగే. తర్వాత సొరుగు లాగాను. బోర్లించాను. ఒక్క క్షణం చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం, ఆ వెంటనే మగవాళ్ళవైపు నుంచి పెద్ద నవ్వు, ఈలలు, చప్పట్లు. ఆవిడ మొగుడు ముందు వరసలోనే ఉన్నాడు, పక్కవాళ్ళు వాడి డొక్కలో పొడుస్తూ నవ్వుతున్నారు, వాడూ నవ్వుతున్నాడు. ఆవిడ గోడవార నిలబడి ఉంది. నా వైపు చూడట్లేదు. వాడి వీపు వైపు చూస్తోంది.

అదంతా నేను చూశాను కోడలు పిల్లా, చూడలేదని చెప్పను. చూసి "భలే కనెక్ట్ అయ్యారు" అనుకున్నా.

మూడు వారాల తర్వాత ఆడియన్స్ ఏమనుకున్నారో రాసుకుందామని మళ్ళీ వెళ్ళాను, చేతిలో ప్రశ్నల కాగితం. ఆవిడ గదిలో మిషన్ లేదు. సిమెంట్ గచ్చు మీద దాని కాళ్ళు ఉన్నచోట నాలుగు మచ్చలు, తుప్పు రంగువి. ఆ మచ్చల మధ్యలో ఆవిడ కాలు ఆన్చుకునేచోట మాత్రం గచ్చు నున్నగా మెరుస్తోంది. మంచినీళ్ళిచ్చింది. "బాగా చేశావమ్మా, అచ్చం నాలాగే తొక్కావు" అంది. ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. బయటికొచ్చాక పక్కింటావిడ చెప్పింది, ఆ రాత్రే వాడు సొరుగు లాగాడంట, వారం తిరిగేలోపు మిషన్ కూడా పోయిందంట. కూతురు చదువుకుంటోందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

గ్రూపులో చెప్తే పెద్ద చర్చ. ఒకడన్నాడు, మనం ఉన్న నిజమే చూపించాం, తప్పు ఆ మొగుడిది, మనది కాదు అని. నేనూ తలూపాను. తర్వాత సిగ్గేసిందో ఏమో, అందరం కలిపి చందాలేసుకుని పాత మిషన్ ఒకటి కొని తీసుకెళ్ళాం. ఆవిడ కొంగుతో దాన్ని మొత్తం తుడిచింది, చక్రం తిప్పి చూసింది, సొరుగు లాగి మళ్ళీ మూసేసింది. "మిషనైతే తెచ్చారు గానీ అమ్మా, ఇంక దాచుకునే చోటేది, అందరికీ తెలిసిపోయిందిగా" అంది. మామూలుగానే అంది, కోపం లేదు.

ఆ పీస్ ఆ తర్వాత ఇంకో 11 చోట్ల వేశాం, అదీ చెప్పేస్తా. ప్రతి చోటా ఆ సొరుగు దగ్గర చప్పట్లే.

ఇదంతా చదివి "అత్తా, నేను మా పార్టిసిపెంట్స్ చేత కన్సెంట్ ఫామ్ మీద సంతకాలు పెట్టించా" అంటావు. పెట్టించే ఉంటావు, నువ్వు తెలివైనదానివి. మా కుట్టుపని ఆవిణ్ణి అడిగుంటే ఆవిడా పెట్టేది, నా మీద ఇష్టం కొద్దీ. సంతకం పెట్టేటప్పుడు ఆవిడకి తెలిసేది తన కథ ఒక్కటే, అది ఎవరి ముందు, ఏ వరసలో కూర్చున్నవాళ్ళ ముందు, ఎలాంటి నవ్వు మధ్య బయటపడుతుందో ఆవిడకి తెలీదు. అది తెలియాల్సింది మనకి. అందుకని నాకు తోచింది చెప్తా. ఎవరి కథ వాళ్ళ చేత వేయించకు, మార్చి వేయించు, ఇద్దరి ముగ్గురి కథలు కలిపెయ్యి, ఇల్లు మార్చు, వస్తువు మార్చు. ముఖ్యంగా వస్తువు మార్చు, జనం మనిషిని గుర్తుపట్టేది పేరుతో కాదు, వస్తువుతో. పీస్ తయారయ్యాక మొదట వాళ్ళొక్కళ్ళకే వేసి చూపించు, తలుపులేసుకుని, మీ గ్రూపు తప్ప బయటివాళ్ళు ఎవరూ లేకుండా. ఇది తీసెయ్యి అని ఎవరన్నా అంటే ఎందుకని అడక్కుండా తీసెయ్యి. క్లైమాక్స్ పోతుందా, పోనీ.

కెన్యాలో కమిరీతు అనే ఊళ్ళో 1977లో రచయిత గూగీ వా థియోంగో వాళ్ళు చేసింది అదే. రైతులు, ఫ్యాక్టరీ పనివాళ్ళు నాటకం కట్టారు, ఆరుబయట థియేటర్ కూడా వాళ్ళే కట్టుకున్నారు. స్క్రిప్ట్ చదువుతుంటే జనం "ముసలాళ్ళు ఇలా మాట్లాడరు, ఫ్యాక్టరీలో ఇలా జరగదు" అని దిద్దేవాళ్ళంట, రాసినవాళ్ళు మార్చుకునేవాళ్ళు. అంత పెద్ద రచయితకే లేని పట్టుదల నీకెందుకు. కొన్ని వారాలకే ప్రభుత్వం ఆ నాటకాన్ని ఆపేసింది, ఏడాది చివర్లో గూగీని జైల్లో పెట్టింది, 1982లో ఆ థియేటర్ని కూల్చేసింది. స్క్రిప్ట్ ఒక్క రచయితదే అయ్యుంటే ఆయన్ని లోపలేసి ఊరుకునేవాళ్ళు, థియేటర్ని కూల్చాల్సిన పనేముంది.

ఇప్పుడు నీ ఆడియన్స్ సంగతి. ఫోరం థియేటర్ అంటున్నావు, అదే, ఆడియన్స్‌ని నాటకంలోకి పిలవడం, బ్రెజిల్ డైరెక్టర్ ఆగస్టో బోల్ పద్ధతి. ఆయన మీద నాకు చాలా ప్రేమ, ఎందుకంటే ఆయన తన పరువు తీసే కథల్ని తనే చెప్పుకున్నాడు. బ్రెజిల్‌లో రైతుల ముందు నాటకం వేసి, చివర్లో చెక్క తుపాకులు పైకెత్తి భూమి కోసం రక్తం ధారపోద్దాం అని పాడారంట. విర్జీలియో అనే రైతు ఏడుస్తూ వచ్చి, పదండి, ఇప్పుడే మీ తుపాకులు తీసుకుని దొర మనుషుల మీదకి పోదాం అన్నాడు. అయ్యో ఇవి నిజం తుపాకులు కావు అంటే, పర్లేదు మా దగ్గరున్నాయి మీకూ ఇస్తాం అన్నాడు. మేం కళాకారులం అని నసిగితే, ఓహో, అయితే ధారపొయ్యాల్సిన రక్తం మాదన్నమాట అన్నాడంట. అప్పట్నుంచీ తను చెయ్యడానికి సిద్ధంగా లేని పనిని ఇంకొకరికి చెప్పనని బోల్ నిర్ణయించుకున్నాడు.

1973లో పెరూలో ఇంకో సంగతి. మొగుడు మోసం చేశాడని తెలిసిన ఆడమనిషి కథ, రాత్రికి వాడు ఇంటికొస్తే ఏం చెయ్యాలి అని ఆపి అడిగారు. ఆడియన్స్‌లో ఒక లావుపాటావిడ, వాడితో గట్టిగా మాట్లాడి ఆ తర్వాత క్షమించాలి అంది. నటి ఎన్నిసార్లు మాట్లాడి చూపించినా ఆవిడకి నచ్చట్లేదు. సరే నువ్వే వచ్చి చూపించమ్మా అంటే వచ్చి చీపురు తీసుకుని ఆ నటుణ్ణి వాయించి పారేసింది. గట్టిగా మాట్లాడ్డం అంటే ఆవిడ లెక్కలో అదన్నమాట! ఆడియన్స్‌ని లోపలికి రానివ్వడం అక్కణ్ణుంచే మొదలైందంటాడు బోల్.

కానీ చూడు, లోపలికొచ్చిన ఆవిడ ఎవరు? ఆ బాధ తెలిసినావిడ. బోల్ పెట్టుకున్న రూలే అది, అణిగిపోతున్న మనిషి స్థానంలోకి ఆ అణచివేత తెలిసినవాళ్ళే రావాలి. నీ సెల్లార్‌లో కుర్చీల్లో కూర్చునేది ఓనర్లు. ఒక మేడమ్ లేచొచ్చి పనిమనిషి పాత్రలో నిలబడి "నేనైతే మర్యాదగా అడుగుతానండీ, అడిగితే ఎవరు మాత్రం సెలవివ్వరు" అని నవ్వుతూ చేసి చూపిస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఆవిడింట్లోనే పనిచేసే మనిషి పక్కన నిలబడి తనూ చప్పట్లు కొట్టాలి. కొట్టకపోతే? పొద్దున ఆరింటికి అదే ఇంటి బెల్లు నొక్కాలి కదా. నువ్వు, నీ గ్రూపు, మీ గడ్డమాయన అప్పటికి నిద్ర కూడా లేవరు.

అందుకని మొదటి నాలుగైదు షోలు పనిచేసేవాళ్ళకే వెయ్యి, వేరే వేరే చోట్ల నుంచి వచ్చిన పనివాళ్ళకి. అక్కడ పిలువు లోపలికి, చీపురు పట్టుకున్నావిడ అక్కడ దొరుకుతుంది నీకు. ఓనర్లకి తర్వాత చూపించు, వీళ్ళు పనిచేసే బిల్డింగ్‌లో మాత్రం వద్దు, వేరే చోట. వాళ్ళని లోపలికి పిలవకు, కూర్చుని చూడమను. మాట్లాడకుండా ఒక గంట కూర్చోవడం కూడా వాళ్ళకి కొత్త ప్రయోగమే.

బస్సులో ఎవరికీ చెప్పకుండా సీన్ చేస్తారంట, దొంగతనం నేరం మోపినట్టు, జనం ఎలా రియాక్ట్ అవుతారో చూడ్డానికి. ఇది మాత్రం కచ్చితంగా వద్దు, బతిమాలట్లేదు, చెప్తున్నా. కనిపించని నాటకం అనే ఆ పద్ధతి బోల్ అర్జెంటీనాలో ఉన్నప్పుడు మొదలైంది, 1971లో బ్రెజిల్‌లో అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టి దేశం నుంచి పంపేశాక. బయటపడితే పట్టుకుపోతారన్న భయంతో నటులు దాక్కోవడానికి చేసిన ఉపాయం అది. నీకు దాక్కోవాల్సిన అవసరం ఏముంది? మేమూ చేశాం ఒకసారి, మా గ్రూపులో సన్నగా ఉండే కుర్రాడు దొంగ వేషం వేశాడు, జనం మా కథ కోసం ఆగలేదు, మేం "నాటకం, నాటకం" అని అరుస్తున్నా ఆగలేదు. రెండు పళ్ళు పోయాయి వాడివి. ఇప్పటికీ ఫోటోలో నోరు తెరిచి నవ్వడు.

నాకున్న ఇంకో భయం చెప్తే నవ్వుతావు, ఫోన్లు. మా సొరుగు ఎవరిదో తెలిసింది ఆ ఒక్క కాలనీకే. ఇప్పుడు ఎవడో ఒకడు 30 సెకన్ల ముక్క తీసి గ్రూపుల్లో పెడతాడు, ముందూ వెనకా ఉండదు, ఆ ఆడమనిషి మొహం ఉంటుంది. లోపలికొచ్చేటప్పుడే అందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయించు. మీ వీడియో కూడా దాచి ఉంచు. గ్రాంట్ ఇచ్చినవాళ్ళు డాక్యుమెంటేషన్ అడుగుతారు, వాళ్ళకి కాళ్ళూ చేతులూ కనపడేలా తియ్యి, మొహాలు వద్దు.

వీధి నాటకాలు వేసే సఫ్దర్ హష్మీ పోయినప్పుడు పేపర్ చూసి మీ నానమ్మ నా చేతిలో చెప్పుల సంచి లాగేసుకుని రిహార్సల్‌కి వెళ్ళనివ్వలేదు, అది గుర్తొస్తోంది ఇప్పుడు. 1989 జనవరి 1న ఢిల్లీ దగ్గర సాహిబాబాద్ పక్కన ఝండాపూర్‌లో కార్మికుల మధ్య "హల్లా బోల్" అనే నాటకం వేస్తుంటే దాడి చేశారు, మర్నాడు ఆయన చనిపోయాడు, 34 ఏళ్ళు. అదే దాడిలో రాంబహదూర్ అనే కార్మికుడు కూడా చనిపోయాడు. ఈ రెండో పేరు ఎవరికీ గుర్తుండదు, నువ్వు గుర్తుపెట్టుకో. 4వ తారీఖున సఫ్దర్ భార్య మలయశ్రీ, మిగతా గ్రూపు అందరూ అదే చోటికి మళ్ళీ వెళ్ళి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిచేశారు. దీన్ని అందరూ ధైర్యం అంటారు, ధైర్యమే, కాదనను. నాకు మాత్రం వాళ్ళు వెళ్ళింది ఎక్కడికి అనేదే పెద్దగా కనిపిస్తుంది. పెద్ద ఆడిటోరియంకి వెళ్ళి వెయ్యొచ్చు, ప్రపంచమంతా వచ్చేది. వాళ్ళు ఝండాపూర్‌కే వెళ్ళారు, రాంబహదూర్ ఉండే చోటికి.

నువ్వు వెళ్తావా మళ్ళీ? షో అయిన మర్నాడు, వారం తర్వాత, మూడు నెలల తర్వాత. ప్రశ్నల కాగితం లేకుండా, కెమెరా లేకుండా. ఇప్పుడే డైరీలో తారీఖులు రాసుకో, అప్పటికి నీకు ఇంకో ప్రాజెక్ట్ వచ్చి ఉంటుంది, నాకు తెలుసు నీ సంగతి.

నీకు ఐదేళ్ళప్పుడు ఒకసారి నా షోకి తీసుకొచ్చారు, గుర్తుందా? అయిపోయాక నువ్వు వెనక్కి వచ్చి నా చెంపలు రెండు చేతులతో పట్టుకుని తడి ఉందా లేదా అని తడిమి చూశావు. "అత్తా, నిజంగా ఏడ్చావా, ఉత్తుత్తినా?" అని అడిగావు. ఉత్తుత్తినే అన్నా. "మరి నా పక్కన కూర్చున్నావిడ నిజంగా ఏడ్చింది కదా, ఆవిడకి చెప్పావా" అన్నావు. నాకు నోట మాట రాలేదు. నీలాంటి పిల్ల ఈ పనిలోకి రాకపోతే ఇంకెవరు రావాలి అని మీ నాన్నతో రాత్రి అన్నాను, వాడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "షో ఎప్పుడో అడిగి చెప్పు, లీవ్ పెట్టాలి" అన్నాడు. వాడి బాధ అది, నువ్వు వాణ్ణి పిలవలేదని.

చివరగా ఒకటి. నువ్వు పంపిన రిహార్సల్ వీడియో చూసి వాడు ఒక సీన్ చెప్పాడు, పనికెళ్ళిన చోట ఆవిడ బట్టలారేసే వంకతో మేడ మీదకెళ్ళి నీళ్ళ ట్యాంకు నీడలో బకెట్ బోర్లించి దానికి తలానించి పది నిమిషాలు నిద్రపోతుంది, కింద నుంచి పిలిస్తే ఉలిక్కిపడి లేచి ఆరిన బట్టల్నే మళ్ళీ దులిపి ఆరేస్తుంది. వాడు పడీపడీ నవ్వాడు చెప్తూ. చాలా బాగుంది, నేనూ నవ్వాను, నవ్వుతూ ఉండగానే నాకు నాలుగు తుప్పు మచ్చలు కనపడ్డాయి.

ఆ ట్యాంకు, ఆ బకెట్, ఆ పది నిమిషాలు ఎవరివి? నువ్వు ఊహించి రాశావా, ఎవరన్నా చెప్పారా? చెప్తే "నీకే చెప్తున్నా" అని చెప్పిందా? ఆ మేడ ఉన్న ఇంటివాళ్ళు నీ షోకి వస్తున్నారా? రేపు ఆవిణ్ణి ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఆ సీన్ చూపించు, ఆవిడ ఎటు చూస్తోందో చూడు. ఆదివారం పొద్దున నేనే ఫోన్ చేస్తా.

మీ అత్త